మొదటి నవల సగంలో ఆగిపోయింది. పూర్తి చేసినవాళ్ళు ఎలా చేశారు?

ఉప్పుగాలి (మార్చి 28)
నాలుగేళ్ళుగా ఒకే నవల రాస్తున్నాను. ఇప్పటికి 31 వేల మాటలు అయ్యాయి. 50 వేలు కావాలని నా లెక్క. పద్నాలుగు నెలలుగా ఆ 31 వేలు అక్కడే ఉన్నాయి.

కథ విశాఖపట్నంలో మత్స్యకారులుండే పెదజాలారిపేటది. నూకరత్నం అనే అమ్మాయి చెబుతుంది. తల్లి చేపలమ్ముతుంది, తండ్రి బోటు నడిపే సరంగు. 2014 వేసవిలో మొదలై హుద్‌హుద్ తుఫాను దగ్గర మలుపు తిరుగుతుంది. అక్టోబరు 12, ఆదివారం, తండ్రి సముద్రంలో ఉండిపోతాడు. తిరిగి రాడు. అక్కడి నుంచి ఇల్లంతా నూకరత్నం మీద పడుతుంది. ఆ తుఫాను 17వ అధ్యాయం. పదహారు దాకా బాగానే వస్తాను. పదిహేడులో రెండు పేరాలు రాస్తాను, నచ్చవు, కొట్టేస్తాను. మళ్ళీ వెనక్కి వెళ్ళి ఒకటో అధ్యాయం దిద్దుతూ కూర్చుంటాను. ఒకటో అధ్యాయం ఇప్పటికి తొమ్మిదిసార్లు తిరగరాశాను.

ఉద్యోగం ఉంది, నాలుగో తరగతి చదివే పాప ఉంది. అయినా రాత్రి పదిన్నర తర్వాత ఒక గంట నాకు దొరుకుతోంది కాబట్టి టైము లేదని అనను. ఆ గంటలోనే కదలలేకపోతున్నాను. ఇది మా అమ్మమ్మ పేట. ఆవిడ మాట, ఆ మనుషులు పుస్తకంలో ఉండాలని మొదలుపెట్టాను. మొదలుపెట్టినప్పుడు ఆవిడ ఉంది, ఇప్పుడు లేదు. పూర్తి చేసినవాళ్ళెవరైనా ఉంటే ఎలా చేశారో చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

సగంకథ (మార్చి 28)
నా దగ్గర మూడు సగం నవలలున్నాయి అక్కా. జవాబు చెప్పలేను గానీ ఇక్కడే కూర్చుని వింటాను.

బీషిఫ్ట్ (మార్చి 29)
నాది పూర్తయింది. రెండేళ్ళ మూడు నెలలు పట్టింది. స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. బి షిఫ్ట్ రాత్రి పదికి దిగితే కూర్మన్నపాలెంలో ఇంటికొచ్చి తిని, పన్నెండు దాకా రాసేవాణ్ణి. ఎ షిఫ్ట్ వారంలో సాయంత్రం. రాత్రంతా డ్యూటీ ఉండే సి షిఫ్ట్ వారంలో ఒక్క అక్షరం రాయకూడదని నియమం పెట్టుకున్నాను, ఎందుకంటే నిద్ర లేకుండా రాసినవన్నీ తర్వాత కొట్టేయాల్సి వచ్చింది.

మీ జబ్బే నాకూ ఉండేది, వెనక్కి వెళ్ళడం. నేను నోటుబుక్కుల్లో రాస్తాను. ఒక బుక్కు నిండగానే మా ఆవిడకి ఇచ్చేసేవాణ్ణి. ఆమె బీరువాలో పెట్టి తాళం వేసేది. నవల అయ్యేదాకా అడిగినా ఇవ్వొద్దని చెప్పాను, నిజంగానే ఇవ్వలేదు. నాలుగో బుక్కులో హీరో తమ్ముడి పేరు గుర్తు రాలేదు. ‘తమ్ముడు’ అని రాసుకుంటూ పోయాను. ముందు అధ్యాయాల్లో మార్చాల్సినవి తోస్తే విడిగా ఒక కాగితం మీద ‘మూడులో వాన తీసేయాలి’ అని ఒక్క లైను రాసి వదిలేసేవాణ్ణి. చివరికి అలాంటివి నలభై పైన అయ్యాయి. వాటిలో సగానికి పైగా అవసరమే రాలేదు, ఎందుకంటే ఆ అధ్యాయాలే ఎగిరిపోయాయి. ఒకటో అధ్యాయం మొత్తం తీసేశాను. తొమ్మిదిసార్లు దిద్ది ఉంటే తీసేయడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు.

దొండపర్తి (మార్చి 29)
బీషిఫ్ట్ గారితో నేను ఒప్పుకోను. పునాది సరిగ్గా లేకపోతే పై అంతస్తు ఎలా లేస్తుంది? తొమ్మిదిసార్లు రాయడం వృథా కాదు. నేను కథలు రాస్తాను, మొదటి పేరా కుదిరేదాకా రెండోది రాయను. నాకు అలాగే వస్తుంది.

బీషిఫ్ట్ (మార్చి 29)
కథకి సరే గురూగారూ, పది పేజీలు తల్లో పడతాయి. రెండు వందల పేజీలు పట్టవు. చివర తెలియకుండా మొదలు బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

తెలుగుమాస్టారు (మార్చి 29)
వారపత్రికల్లో సీరియల్స్ జోరుగా నడిచిన రోజుల్లో రాసినవాళ్ళను కొందరిని నేను దగ్గర నుంచి చూశాను. భాగాలు వారం వారం పంపేవారు. మూడో వారం అచ్చయిపోయాక ఇక దాన్ని ముట్టుకోలేరు. పాత్రను అనవసరంగా ఊరు పంపించి ఉంటే, ఊరి నుంచి తిరిగి తెచ్చే దారి తర్వాతి వారంలో వెతుక్కోవాల్సిందే. అలా వెతుక్కోవడంలోంచి కొన్నిసార్లు మంచి ఘట్టాలు పుట్టేవి. వెనక తలుపు మూసేస్తే కాళ్ళు ముందుకే నడుస్తాయి అన్నది నా కళ్ళారా చూసిన విషయం. ఉప్పుగాలి గారికి ఆ గడువు ఎవరైనా పెట్టాలి.

టైము గురించి కూడా ఒకమాట. మన రావిశాస్త్రి గారు ఇదే ఊళ్ళో వకీలుగా పనిచేస్తూ రాశారు. కోర్టులో చూసిన మనుషులే ఆయన పుస్తకాల్లోకి వచ్చారు. ఉద్యోగం రచనకు అడ్డమనుకోనక్కరలేదు.

పునుగులబండి (మార్చి 29)
అక్కా, నవల పూర్తి చేస్తే ఈ చర్చలో ఉన్నవాళ్ళందరికీ బీచ్ రోడ్డులో శ్రీశ్రీ గారి విగ్రహం దగ్గర పునుగులు నా ఖర్చు. రాసి పెట్టుకోండి.

సగంకథ (మార్చి 29)
అల్లం చట్నీతోనా?

పునుగులబండి (మార్చి 29)
అల్లం చట్నీ లేకుండా పునుగులేంటి చెల్లీ.

అనకాపల్లి_లోకల్ (మార్చి 30)
నేను రోజూ రైల్లో వస్తాను, వెళ్తాను. ఫోన్‌లో టైపు చేస్తాను. పొద్దున 150, సాయంత్రం 150 మాటలు. సీటు దొరకని రోజు తలుపు పక్కన నిలబడి గొంతుతో చెబుతాను, ఫోనే టైపు చేసుకుంటుంది. తెలుగు బాగానే అందుకుంటుంది. కానీ మన వైపు మాట చెబితే దిద్దేస్తుంది. ‘ఎల్లిపోనాది’ అంటే ‘వెళ్ళిపోయింది’ అని పడుతుంది. డైలాగులన్నీ తర్వాత చేత్తో సరిచేసుకోవాల్సి వస్తోంది. అయినా 300 అంటే 300. మీకు ఇంకా 19 వేలు కావాలంటే 64 రోజులు.

అక్షరాలపని (మార్చి 30)
డాబాగార్డెన్స్‌లో డీటీపీ, అంటే పుస్తకాలకి కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చే పని చేస్తాను, పదహారేళ్ళుగా. ఈ 50 వేలు అనే లెక్క మీకు ఎక్కడిది? నవంబరులో ముప్పై రోజుల్లో 50 వేల మాటల నవల రాసే అమెరికా వాళ్ళ ఉద్యమం ఒకటి 1999లో మొదలైంది, ఆ అంకె అక్కడి నుంచి అందరి బుర్రల్లోకి వచ్చింది. అది ఇంగ్లీషు లెక్క. మన మాట ఒక్కటి ఒక్కోసారి వాళ్ళ అయిదారు మాటలు మోస్తుంది. ‘వెళ్ళలేకపోయిందట’ అన్నది ఒక్క మాట. దీన్ని ఇంగ్లీషులో చెప్పి చూడండి, ఎన్నవుతాయో.

నా చేతి మీదుగా వెళ్ళిన పుస్తకాల్లో మామూలు నవలల డెమ్మీ సైజులో పేజీకి రెండు వందల నుంచి రెండు వందల పాతిక మాటలు పడతాయి. అచ్చులో ఒక్కో పెద్ద కాగితాన్ని ఫారం అంటాం, దానికి పదహారు పేజీలు. 42 వేల మాటలకి సుమారు 200 పేజీలు, అంటే పన్నెండున్నర ఫారాలు. అది నిండు నవల. మీకు కావలసింది 19 వేలు కాదు. 11 వేలు ఉన్నా పుస్తకమే.

ఉప్పుగాలి (మార్చి 30)
అక్షరాలపని గారూ, ఈ ఒక్క పోస్టుకి మీకు ఎంత థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. 50 వేలు అన్నది నేను ఎక్కడో చదివి పట్టుకున్నదే. ఇంగ్లీషు, తెలుగు తేడా నాకు తట్టనే లేదు.

భీమిలి_రాధ (మార్చి 30)
నాది వేరే అనుభవం. అయిదు అధ్యాయాలు అయ్యాక ఉత్సాహం ఆపుకోలేక దగ్గర బంధువుకి చదవమని ఇచ్చాను. చదివి, ‘ఇందులో అత్తగారు మా అమ్మే కదా’ అన్నారు. కోపంగా కూడా అనలేదు, బాధగా అన్నారు. ఆ రోజు నుంచి ఆరేళ్ళు ఆ ఫైలు తెరవలేదు. పోయినేడు మళ్ళీ తెరిచాను. ఆ అత్తగారు నిజానికి ఆవిడే. ఇప్పుడు ఆ పాత్రకి నేను ఎక్కువ న్యాయం చేస్తున్నానని నా నమ్మకం. ముగిసేదాకా ఇంట్లోవాళ్ళకి చూపించకండి. అది ఒక్కటే చెప్పగలను.

ఉప్పుగాలి (మార్చి 30)
రాధ గారూ, మా మేనమామ కూడా గుర్తుపడతాడేమో అన్న భయం నాకు ఉంది. సరంగు పాత్రలో ఆయన నడక ఉంది.

దొండపర్తి (మార్చి 30)
ఇంతమంది సలహాలిస్తున్నాం, ఒక్కరమైనా ఆ రాత ఎలా ఉందో చూడలేదు. ఒక పేరా పెట్టండి.

ఉప్పుగాలి (మార్చి 31)
మూడో అధ్యాయంలోది. చేతులు వణుకుతున్నాయి పెట్టడానికి.

‘వేట నిషేధం రెండు నెలలు. ఇంకా పది రోజులుంది. నాన్న అరుగు మీద కూర్చుని చిరిగిన వల బాగుచేస్తున్నాడు. అమ్మ ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుంది, వేళ్ళ మీద వడ్డీ లెక్క పెట్టుకుంటోంది. ఏటే నూకాలూ, బియ్యం ఏపాటున్నాయే, అనడిగింది. రేపటికున్నాయి అన్నాను. ఎల్లుండి మాట ఎవరూ ఎత్తలేదు.’

సగంకథ (మార్చి 31)
ఎల్లుండి మాట ఎవరూ ఎత్తలేదు. అక్కా, ఇది ఆపేస్తే నేనే మీ ఇంటికొచ్చి కూర్చుంటాను.

తెలుగుమాస్టారు (మార్చి 31)
చాలా బాగుంది అమ్మా. కానీ ఒక ప్రశ్న. చెప్పేది నూకరత్నం. ఆమె తల్లి ‘ఏటే’ అంటోంది. మరి నూకరత్నం కథనం ‘అనడిగింది, కూర్చుంది’ అని పుస్తకాల తెలుగులో ఎందుకుంది? ఆ పిల్ల ఎవరికి చెబుతోంది ఈ కథ?

దొండపర్తి (మార్చి 31)
మొత్తం యాసలో రాస్తే గుంటూరు వాళ్ళు, కరీంనగర్ వాళ్ళు పది పేజీలు కూడా చదవరు మాస్టారూ.

బీషిఫ్ట్ (మార్చి 31)
తెలంగాణ యాసలో వచ్చిన కథలు మనం చదవడం లేదా? చదువుతున్నాం, రెండు పేజీల్లో అలవాటవుతోంది. మన ఉత్తరాంధ్ర మాట దగ్గరికొచ్చేసరికే ఎందుకీ జంకు? సినిమాల్లో ఏళ్ళ తరబడి దీన్ని పనిమనిషికీ కమెడియన్‌కీ ఇచ్చారు. మనమే సిగ్గుపడితే ఇంకెవరు రాస్తారు? ఈ విషయంలో నాకు నిజంగా కోపం ఉంది.

అక్షరాలపని (మార్చి 31)
మధ్య దారి ఒకటి ఉంది. మన వైపు పాత రచయితలు ‘చెప్పాడు, వచ్చాడు’ బదులు ‘చెప్పేడు, వచ్చేడు’ అని రాసేవారు. ఒక్క గుణింతం మారుతుంది, ఊరు మొత్తం వినబడుతుంది. చదివేవాడికి ఏ కష్టమూ లేదు. కథనానికి అది, డైలాగులకి పూర్తి పేట మాట. అయితే ఏది పెట్టుకున్నా పుస్తకమంతా ఒకేలా ఉండాలి. ప్రూఫుల్లో అదే పెద్ద తలనొప్పి.

ఉప్పుగాలి (మార్చి 31)
అమ్మమ్మ ‘చెప్పేడు’ అనే అనేది! నేను బడిలో నేర్చుకున్న ‘చెప్పాడు’ రాసుకుంటూ వచ్చాను. ఇప్పుడు పదహారు అధ్యాయాలూ మార్చాలా?

బీషిఫ్ట్ (మార్చి 31)
వద్దు! కాగితం మీద ఒక్క లైను రాసి వదిలేయండి. పదిహేడు నుంచి ‘చెప్పేడు’.

హార్బర్_గుంటడు (ఏప్రిల్ 1)
నేను ఇక్కడ చదవడమే గానీ రాయను. కానీ ఇది చెప్పకుండా ఉండలేను. మా తాత తెప్ప మీద, మా నాన్న మర బోటు మీద. నేను ఇప్పుడు ఐస్ ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను.

మొదటిది చిన్న విషయం. 2014లో బోట్లు వేటకి వెళ్ళకూడదన్న నిషేధం రెండు నెలలు కాదు. అప్పట్లో ఏప్రిల్ 15 నుంచి మే 31 దాకా, 47 రోజులు. జూన్ 14 దాకా పెంచి 61 రోజులు చేసింది 2015లో. ఇంజన్ లేని తెప్పలకి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మీ మూడో అధ్యాయంలో మార్చుకోండి.

రెండోది పెద్దది. అక్కా, హుద్‌హుద్ రోజు మీ సరంగు సముద్రంలో ఎందుకున్నాడు? నాలుగు రోజుల ముందు నుంచే తుఫాను అని చెబుతున్నారు. టీవీలో, మైకుల్లో, పేటలో. మా వాళ్ళెవరూ వేటకి వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళు వెనక్కి వచ్చేశారు. ముప్పై ఏళ్ళు సముద్రం చూసిన సరంగు ఆ రోజు బయట ఉంటాడా? ఆ గాలిని మా నాన్న ముందు రోజే ఒంటితో పసిగట్టాడు.

ఆ రోజు మాకు పోయింది బోటు. హార్బరులో కట్టేసి ఉన్న బోటు. నాన్న శనివారం సాయంత్రం నాలుగు తాళ్ళు అదనంగా వేసి వచ్చాడు. పక్క బోట్లు వచ్చి గుద్దాయి. మధ్యాహ్నం గాలి ఒక్కసారి ఆగింది, అయిపోయింది అనుకుని జనం బయటికొచ్చారు. నాన్న మాత్రం, ‘లోపలికి రండి, ఇది సగమే’ అన్నాడు. ముందు ఉత్తరం నుంచి కొట్టిన గాలి ఆ తర్వాత దక్షిణం నుంచి కొట్టింది. ఉత్తరం గాలికి ఆగిన తాళ్ళు దక్షిణం గాలికి తెగాయి.

మర్నాడు నడిచి వెళ్ళాం. దారంతా చెట్లు. జెట్టీ దగ్గర మా బోటు ముక్కు ఒక్కటే నీళ్ళ పైన ఉంది. నాన్న ఏమీ అనలేదు. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నాలుగు నెలలు అక్కడే కూర్చున్నాడు. చచ్చిపోలేదు. అరుగు మీద కూర్చున్నాడు, అంతే. అమ్మ గంప ఎత్తుకుంది, అక్క చదువు మానేసింది.

దొండపర్తి (ఏప్రిల్ 1)
మీ అనుభవానికి నా గౌరవం. కానీ నవల అంటే కల్పన. కథకి చావు అవసరమైతే ఒక కారణం పుట్టించవచ్చు. అప్పు తీర్చాలని మొండిగా వెళ్ళాడని రాయొచ్చు.

హార్బర్_గుంటడు (ఏప్రిల్ 1)
రాయొచ్చు సార్. పేటలో ఒక్కరు కూడా నమ్మరు. అక్క ఎవరి కోసం రాస్తోందో నాకు తెలియదు.

తెలుగుమాస్టారు (ఏప్రిల్ 1)
చదివి కాసేపు అలాగే ఉండిపోయాను నాయనా. ఉప్పుగాలి గారూ, పద్నాలుగు నెలలుగా మీ పెన్ను ఆగుతున్న చోటు ఇదే కదా.

భీమిలి_రాధ (ఏప్రిల్ 1)
నాకూ అదే అనిపించింది మాస్టారూ. అక్కకి బద్ధకం కాదు, భయం కాదు. ఆ అధ్యాయం అబద్ధం కాబట్టి రావడం లేదు.

సగంకథ (ఏప్రిల్ 2)
అక్క రెండు రోజులుగా కనబడలేదు. మనం ఎక్కువ అన్నామా?

ఉప్పుగాలి (ఏప్రిల్ 3)
లేదమ్మా, ఏమీ ఎక్కువ అనలేదు. రెండు రోజులు ఏడ్చాను, అంతే. ఇక్కడ చెప్పేస్తాను.

మా మేనమామ బోటు కూడా హార్బరులోనే పోయింది. ఆయన కూడా అలాగే కూర్చున్నాడు. అప్పుడు నేను పెళ్ళై ఎంవీపీ కాలనీలో ఉన్నాను. మాకు కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్టు కోసం క్యూలో నిలబడ్డాను. నా కష్టమే నాకు పెద్దగా ఉంది. ఆకుల పసరు గోడలకి అంటుకుపోయి ఉంది, కైలాసగిరి కాల్చేసినట్టు నల్లబడిపోయింది, నేను అవన్నీ చూస్తూ ఉన్నాను గానీ నాలుగు కిలోమీటర్లు కూడా లేని పేటకి పది రోజుల దాకా వెళ్ళలేదు. వెళ్ళేసరికి మామయ్య అరుగు మీద ఉన్నాడు. నన్ను చూసి నవ్వలేదు. అమ్మమ్మ, ‘ఇప్పుడొచ్చేవేటే’ అంది. అంతే అంది.

నవలలో ఆయన్ని సముద్రంలో చంపేస్తే ఆ అరుగు మీద మనిషిని నేను చూడనక్కరలేదు. నాలుగేళ్ళుగా నేను చేస్తున్నది అదే. హార్బర్ తమ్ముడూ, నీ పోస్టు చదివేదాకా ఈ సంగతి నాకు తెలియదు. నిజంగా తెలియదు.

సరంగు బతుకుతాడు. పదిహేడో అధ్యాయం మళ్ళీ మొదలుపెడతాను.

హార్బర్_గుంటడు (ఏప్రిల్ 3)
అక్కా, ఏదైనా అడగాలంటే అడుగు. బోటు సంగతి, తాళ్ళ సంగతి, నాన్న సంగతి. నాన్న ఉన్నాడు ఇప్పుడు. మళ్ళీ వేరేవాళ్ళ బోటు మీద వెళ్ళాడు కొన్నేళ్ళు.

తెలుగుమాస్టారు (ఏప్రిల్ 4)
ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని ఆ నెల పేపర్లు దొరుకుతాయేమో అడిగి చూడండి. తేదీలు తప్పు పోకుండా ఉంటాయి.

బీషిఫ్ట్ (ఏప్రిల్ 4)
ఒక్క ఆదివారం మాత్రమే మాస్టారూ! పరిశోధన పేరుతో నేను అయిదు నెలలు పోగొట్టుకున్నాను. చదివినంతసేపు రాస్తున్నట్టే ఉంటుంది. తెలియనిచోట ఖాళీ వదిలి ముందుకెళ్ళడమే నయం.

అనకాపల్లి_లోకల్ (ఏప్రిల్ 5)
నాకో ఆలోచన. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవుతుంది. జూన్ 14 దాకా 61 రోజులు. బోట్లన్నీ ఒడ్డున ఉంటాయి. ఆ 61 రోజులూ మన వేట పెడదాం. రోజుకి 300. మొత్తం 18,300. ఎవరి నవల వాళ్ళది. రాత్రి ఇక్కడ అంకె ఒక్కటే పెట్టాలి, రాసింది పెట్టకూడదు, చదవమని అడగకూడదు. మాస్టారు చెప్పిన గడువు ఇదే అనుకోండి.

సగంకథ (ఏప్రిల్ 5)
నేను వస్తాను. మూడింట్లో రెండోది తీస్తున్నాను.

భీమిలి_రాధ (ఏప్రిల్ 5)
నేనూ.

దొండపర్తి (ఏప్రిల్ 5)
నేను అంకెలకి రాయలేను. కానీ మీ అంకెలు రోజూ చూస్తాను. ఎవరైనా పెట్టకపోతే అడుగుతాను.

పునుగులబండి (ఏప్రిల్ 5)
పునుగుల ఖర్చు పెరుగుతోంది. పరవాలేదు, రాయండి.

ఉప్పుగాలి (ఏప్రిల్ 15)
340. బోటు దగ్గర మొదలుపెట్టాను. తాళ్ళు వేస్తున్నాడు.

ఉప్పుగాలి (ఏప్రిల్ 16)
310.

సగంకథ (ఏప్రిల్ 16)
120. ఇంటర్నల్స్ ఉన్నాయి. రేపు సరిచేస్తాను.

ఉప్పుగాలి (ఏప్రిల్ 22)
పదిహేడు అయిపోయింది. పద్నాలుగు నెలలుగా రాని అధ్యాయం ఎనిమిది రోజుల్లో వచ్చింది. గాలి ఆగిన ఆ కాసేపు రాయడానికే రెండు రాత్రులు పట్టింది. జనం బయటికొచ్చి నవ్వుకుంటున్నారు, సరంగు ఒక్కడే ఆకాశం చూస్తున్నాడు. తమ్ముడూ, మీ నాన్నగారి మాట వాడుకున్నాను, ‘ఇది సగమే’ అన్నది. అనుమతి అడగకుండా రాసేశాను. వద్దంటే తీసేస్తాను.

హార్బర్_గుంటడు (ఏప్రిల్ 22)
నాన్నకి చెప్పాను. పుస్తకంలో పెడతారా అని రెండుసార్లు అడిగాడు. ఉంచక్కా.

దొండపర్తి (మే 9)
ఉప్పుగాలి గారూ, నాలుగు రోజులుగా అంకె లేదు.

ఉప్పుగాలి (మే 9)
పాపకి జ్వరం. ఆఫీసులో లెక్కలు ముగించే పని కూడా ఇప్పుడే వచ్చింది. సున్నా, సున్నా, సున్నా, సున్నా. ఇరవయ్యో అధ్యాయంలో సరంగు అరుగు మీద కూర్చుని ఉన్నాడు, ఏమీ జరగడం లేదు. కూర్చున్న మనిషిని ఎన్ని పేజీలు రాయగలం? చదివేవాళ్ళు విసుక్కోరా?

బీషిఫ్ట్ (మే 9)
పాప తగ్గాక చూసుకోండి, సున్నాకి ఎవరూ ఏమీ అనరు. కూర్చున్నవాణ్ణి వదిలేసి చుట్టూ తిరిగేవాళ్ళని రాయండి. అతని ముందు నుంచి గంప వెళ్తుంది, వస్తుంది. నూకరత్నం పుస్తకాల సంచి మేకుకి తగిలించి ఉంటుంది. అతను అది చూస్తాడా లేదా?

హార్బర్_గుంటడు (మే 10)
నాన్న అప్పుడు వల బాగుచేసేవాడు అక్కా. బోటు లేదు, వల ఎందుకు? అయినా రోజూ చేసేవాడు. సాయంత్రానికి విప్పేసేవాడు. మర్నాడు మళ్ళీ.

భీమిలి_రాధ (మే 10)
దేవుడా.

ఉప్పుగాలి (మే 11)
760. పాపకి తగ్గింది. ఒకే విడతలో రాశాను. మూడో అధ్యాయంలో బాగుచేసిన వల ఇక్కడ మళ్ళీ వచ్చింది. మొదట్లో వల పెట్టినప్పుడు ఇది ఉంటుందని నాకు తెలియదు.

అక్షరాలపని (మే 12)
ముందే చెబుతున్నాను, ఫైలు ఫోన్లో, కంప్యూటర్లో మామూలుగా టైపయ్యే యూనికోడ్‌లోనే ఉంచండి. అచ్చుకి వెళ్ళేటప్పుడు చాలాచోట్ల డీటీపీ వాళ్ళు వాడే అను ఫాంట్స్‌లోకి మార్చాల్సి వస్తుంది, అప్పుడు కొన్ని ఒత్తులు, సున్నాలు చెదురుతాయి. అందుకే మార్చిన తర్వాత ప్రూఫు మళ్ళీ మొదటి నుంచి చదవాలి. చాలామంది మార్చక ముందు చదివినదే చాలనుకుంటారు. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం గుర్తింపు నంబరు, మన దేశంలో ఉచితం, రచయిత సొంతంగానే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. మొదట మూడు వందల కాపీలు చాలు, అమ్ముడైతే మళ్ళీ వేయొచ్చు.

బీషిఫ్ట్ (మే 12)
ఆఖరి మాట నేను గట్టిగా బలపరుస్తాను. వెయ్యి వేస్తే కాపీకి తక్కువ పడుతుందని ఒకాయన చెబితే నమ్మి వెయ్యి వేయించాను. కాపీకి తక్కువే పడింది. ఆరు వందలు ఇంట్లో ఉన్నాయి. పుస్తకం మీద నాకు ప్రేమ తగ్గలేదు, కానీ ఆ డబ్బుతో రెండో నవల కూడా వచ్చేది.

సగంకథ (మే 30)
280. మొత్తం 9,100. నా జీవితంలో ఒకే కథని ఇన్ని రోజులు వరసగా రాయడం ఇదే మొదటిసారి.

అనకాపల్లి_లోకల్ (జూన్ 8)
నాది నిన్న రైలు సింహాచలం దాటుతుండగా ముగిసింది. పక్క సీటాయన ఎందుకు నవ్వుతున్నారని అడిగాడు. చెప్పాను. బ్యాగులోంచి జీడిపాకం తీసి పెట్టాడు.

ఉప్పుగాలి (జూన్ 13)
410. ఇంకా రెండు సీన్లున్నాయి. ఈ రోజు ఆదివారం కాదు, అయినా సెలవు పెట్టి పొద్దున్నే హార్బరుకి వెళ్ళాను. ఐస్ ఎక్కిస్తున్నారు, డీజిలు నింపుతున్నారు, బోట్లకి కొత్త రంగులు. హార్బర్ తమ్ముణ్ణి కలిశాను. వాళ్ళ నాన్నగారు కూడా వచ్చారు. ఆయన నడక అచ్చం మా మామయ్య నడకే. సముద్రం మీద బతికినవాళ్ళందరిదీ అదేనేమో. ‘ఆ గుంట మళ్ళీ చదువుకి ఎల్లిందా, మీ కతలో?’ అని అడిగారు. అదే ఆఖరి సీను, ఇంకా రాయలేదండీ అన్నాను. ‘రాయి మరి’ అన్నారు.

దొండపర్తి (జూన్ 14)
అంకె కోసం చూస్తున్నాను. రాత్రి పదకొండైంది.

ఉప్పుగాలి (జూన్ 15)
ఒంటిగంట నలభైకి అయింది. మొత్తం 45,870. సరంగు కొత్త వల విప్పలేదు. అంతవరకే రాశాను. పాప నిద్రలేచి వచ్చి ఏడుస్తున్నావా అని అడిగింది. కిటికీ తీస్తే ఉప్పుగాలి వస్తోంది.

సగంకథ (జూన్ 15)
అక్కా!!!

తెలుగుమాస్టారు (జూన్ 15)
తెల్లవారుజామున లేచి మొదట ఇదే చూశాను. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేనమ్మా.

పునుగులబండి (జూన్ 15)
ఆదివారం సాయంత్రం అయిదున్నర. విగ్రహం దగ్గర. మాస్టారిని భీమిలి నుంచి నేను తీసుకొస్తాను.

అక్షరాలపని (జూన్ 15)
నెల రోజులు ముట్టుకోకండి. తర్వాత ఒకటి నుంచి పదహారు దాకా ‘చెప్పాడు’లన్నీ ‘చెప్పేడు’ చేయాలి, గుర్తుందా? మూడో అధ్యాయంలో నిషేధం 47 రోజులు.

ఉప్పుగాలి (జూన్ 15)
కాగితం మీద రాసి ఉంది.